ఫార్మకాలజీ ప్రాక్టికల్ పరీక్షలో కొత్త డేటా ఇవ్వండి: ఫార్మసీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోని ఫార్మసీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ అధ్యక్షులకు, సభ్యులకు, ప్రాక్టికల్ పరీక్షలకు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లుగా వెళ్తున్న ఆచార్యులకు,

నమస్కారం.

బి.ఫార్మసీలో ఫార్మకాలజీ (మందులు శరీరం మీద ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం) నాలుగు, ఐదు, ఆరో సెమిస్టర్లలో మూడు పేపర్లుగా వస్తుంది. ఒక్కో పేపరుకు 45 గంటల థియరీ, వారానికి నాలుగు గంటల ప్రాక్టికల్. ఈ లేఖ ముఖ్యంగా ఆ ప్రాక్టికల్ గురించి. మేం అడిగేది ఒక్కటే. సెమిస్టర్ చివరి ప్రాక్టికల్ పరీక్షలో ఎక్స్‌పెరిమెంట్‌కు కేటాయించిన 25 మార్కులకు విద్యార్థి అంతకుముందు ఎన్నడూ చూడని డేటా షీట్ చేతికివ్వండి. లెక్క వేయమనండి, గ్రాఫ్ గీయమనండి, ఆ ప్రయోగాన్ని నమ్మవచ్చో లేదో చెప్పమనండి. ఇందుకోసం ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు. ప్రశ్నపత్రం మీ చేతుల్లోనే ఉంది.

2014 నిబంధనల సిలబస్‌లో ఫార్మకాలజీ ప్రాక్టికల్ జాబితా చివర ఒక వాక్యం ఉంటుంది: ప్రయోగశాల పద్ధతులు, జంతు ప్రయోగాలు అన్నిటినీ సాఫ్ట్‌వేర్లతో, వీడియోలతో అనుకరణ ప్రయోగాలుగా చూపించాలని. ఆ నిర్ణయం సరైనదే. ఎసిటైల్‌కోలిన్ ఇస్తే కండరం ముడుచుకుంటుందని ఏటేటా కొత్త బ్యాచ్‌కు చూపించడానికి కప్పలను, గినీ పందులను చంపే రోజులు మళ్ళీ రాకూడదు. ఈ లేఖలో ఎక్కడా జంతువులను వెనక్కి తెమ్మని మేం అడగడం లేదు.

మా బాధ వేరు. జంతువుతో పాటు విద్యార్థి చేయాల్సిన పని కూడా వెళ్ళిపోయింది. పాత పద్ధతిలో ఎంత తడబడినా ఎవరి గ్రాఫ్ వాళ్ళదే. కండరం ముడుచుకున్నప్పుడు పడే గీతల ఎత్తులు కొలవాలి, లాగ్ డోసు (డోసు లాగరిథమ్) వేయాలి, లెక్క తప్పితే మళ్ళీ వేయాలి. ఇప్పుడు చాలా కాలేజీల్లో అరగంట వీడియో నడుస్తుంది, తర్వాత సీనియర్ల రికార్డు చేతులు మారుతుంది. తరగతి మొత్తం దగ్గర ఒకే గ్రాఫ్, ఒకే ఎత్తులు, ఒకే జవాబు. పరీక్షలో 'ఫోర్ పాయింట్ బయోఅస్సే రాయండి' (బలం తెలిసిన ద్రావణంతో నాలుగు డోసుల్లో పోల్చి తెలియని ద్రావణం బలం తేల్చే ప్రయోగం) అని అడిగితే ప్రిన్సిపుల్, ప్రొసీజర్, కంఠస్థం చేసిన ఆ అంకెలే కాగితం మీదికి వస్తాయి.

మార్కుల లెక్క చూడండి. రికార్డుకు, రోజువారీ వైవాకు కలిపి ఇంటర్నల్‌లో ఉన్నవి 3 మార్కులు. చివరి పరీక్షలో సినాప్సిస్ 5, ఎక్స్‌పెరిమెంట్ 25, వైవా 5, మొత్తం 35. మూడు మార్కుల రికార్డు సెమిస్టర్ అంతా రాత్రిళ్ళు తినేస్తుంటే, 25 మార్కుల భాగానికి వచ్చేసరికి ఆ రికార్డులోని పేజీనే మళ్ళీ రాయిస్తున్నాం. పరీక్ష ఏం అడుగుతుందో క్లాసులో అదే జరుగుతుంది. అందుకే ఈ లేఖ కాలేజీల యాజమాన్యాలకు కాకుండా మీకు రాస్తున్నాం.

ఏం పోతోందో చెప్పడానికి ఫోర్ పాయింట్ బయోఅస్సేనే తీసుకుందాం. స్టాండర్డ్ (బలం తెలిసిన) ఎసిటైల్‌కోలిన్ ద్రావణం మి.లీ.కు 10 మైక్రోగ్రాములు. స్టాండర్డ్ నుంచి 0.2, 0.4 మి.లీ., టెస్టు (బలం తెలియని ద్రావణం) నుంచి కూడా 0.2, 0.4 మి.లీ. ఇచ్చాం. సగటు ఎత్తులు స్టాండర్డ్‌కు 20, 36 మి.మీ., టెస్టుకు 24, 40 మి.మీ. అనుకోండి. టెస్టు ఎత్తుల మొత్తం 64, స్టాండర్డ్ మొత్తం 56, తేడా 8. పెద్ద డోసుల మొత్తం 76, చిన్న డోసుల మొత్తం 44, తేడా 32. 8ని 32తో భాగిస్తే 0.25. దాన్ని లాగ్ 2తో, అంటే 0.301తో గుణిస్తే 0.075. యాంటీలాగ్ 1.19. కాబట్టి టెస్టు ద్రావణం మి.లీ.కు 11.9 మైక్రోగ్రాములు. రికార్డుల్లో కనిపించే లెక్క ఇలాగే ఉంటుంది, ఇక్కడితో ఆగిపోతుంది.

ఇప్పుడు టెస్టు ఎత్తులను 26, 34గా మార్చండి. స్టాండర్డ్ అదే. ఫార్ములా మళ్ళీ నిక్షేపంగా జవాబిస్తుంది: 4ను 24తో భాగించి, 0.301తో గుణించి, యాంటీలాగ్ తీస్తే 1.12, అంటే మి.లీ.కు 11.2 మైక్రోగ్రాములు. కానీ ఈ అంకెను నమ్మకూడదు. డోసు రెట్టింపు చేస్తే స్టాండర్డ్ 16 మి.మీ. పెరిగింది, టెస్టు 8 మాత్రమే పెరిగింది. రెండు గీతలూ సమాంతరంగా లేవు. అంటే టెస్టు ద్రావణంలో ఇంకేదైనా పదార్థం కలిసి ఉండొచ్చు, లేదా పెద్ద డోసు కండరం ఇవ్వగలిగిన గరిష్ఠ స్థాయి దగ్గరకు వెళ్ళిపోయి ఉండొచ్చు, లేదా ఒక డోసు బాత్‌లోకి (కండరాన్ని వేలాడదీసే ద్రావణం పాత్రలోకి) పూర్తిగా పడకుండా గోడకు అంటుకుని ఉండొచ్చు. కారణం ఏదైనా ఈ అస్సే చెల్లదు, మళ్ళీ చేయాలి. ఫార్ములా పట్టుకున్న విద్యార్థి 11.2 అని రాసి ఊరుకుంటాడు. ఫార్మకాలజీ చదివిన విద్యార్థి 'చెల్లదు' అని రాస్తాడు. ఈ ఇద్దరినీ ఇప్పటి పరీక్ష వేరు చేయలేకపోతోంది.

డోసులను లాటిన్ స్క్వేర్ వరసలో (ప్రతిసారీ డోసుల క్రమం మారేలా) ఎందుకిస్తామో కూడా ఇక్కడే తెలియాలి. నాలుగు డోసులు, నాలుగు వరసలు, మొత్తం 16 స్పందనలు. కప్ప రెక్టస్ (పొట్ట) కండరం మీద ఒక్కో సైకిల్ అయిదు నిమిషాలు: 30 సెకన్లు బేస్‌లైన్ (మందు వేయకముందు గీత), 90 సెకన్లు మందు తాకిడి, మిగిలిన మూడు నిమిషాలు కడగడానికి, కండరం సడలడానికి. మొత్తం 80 నిమిషాలు. అంతసేపట్లో కండరం అలసిపోతుంది, స్పందన తగ్గుతూ వస్తుంది. టెస్టు డోసులన్నీ చివర్లో ఇచ్చామంటే ఆ తగ్గుదల అంతా టెస్టు ఖాతాలో పడి, దాని బలం తక్కువని తేలుతుంది. వరస తిప్పితే తగ్గుదల నాలుగు డోసులకూ సమంగా పంచుకుంటుంది. 80 నిమిషాల ప్రయోగాన్ని అరగంట వీడియోలో చూసినవారికి ఈ సంగతి తట్టే అవకాశమే లేదు. వీడియోలో కండరం అలసిపోదు, బేస్‌లైన్ జరగదు, బుడగ వచ్చి గీత గీసే మీటను ఊపదు.

కాబట్టి ఆ లోపాలను డేటాలోకి మనమే తెచ్చి పెట్టాలి. ఇది ఖర్చు లేని పని. పుదుచ్చేరి జిప్మర్‌లో ఆచార్య ఆర్. రవీంద్రన్ రూపొందించిన ఎక్స్‌ఫార్మ్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉన్న చోట వాటిని వాడుకోవచ్చు. లేని చోట ఎక్సెల్ చాలు. గరిష్ఠ స్పందనను గాఢతతో గుణించి, ఈసీ50 (గరిష్ఠంలో సగం స్పందన ఇచ్చే గాఢత), గాఢతల మొత్తంతో భాగిస్తే స్పందన వస్తుంది. గరిష్ఠం 60 మి.మీ., ఈసీ50 మి.లీ.కు 0.2 మైక్రోగ్రాములు అనుకుంటే, 0.05, 0.1, 0.2, 0.4, 0.8 గాఢతలకు 12, 20, 30, 40, 48 మి.మీ. వస్తాయి. ర్యాండ్ ఫంక్షన్‌తో (యాదృచ్ఛిక సంఖ్యలు ఇచ్చేది) ప్రతి ఎత్తుకూ రెండు మి.మీ. అటూ ఇటూ కలపండి. ఇక రోల్ నంబరు చివరి రెండంకెలను 500తో భాగించి ఈసీ50కి కూడితే ప్రతి విద్యార్థికీ వేరే షీట్ తయారవుతుంది: 25వ నంబరుకు ఈసీ50 0.25 అవుతుంది, 40వ నంబరుకు 0.28. పక్క వాళ్ళ కాగితం చూసి రాసినా లాభం ఉండదు.

షీట్‌లో గాఢతను నేరుగా ఇవ్వకండి. 'మి.లీ.కు 10 మైక్రోగ్రాముల ద్రావణం, 20 మి.లీ. బాత్, ఇచ్చినది 0.4 మి.లీ.' అని మాత్రమే రాయండి. 4 మైక్రోగ్రాములు 20 మి.లీ.లో కలిస్తే మి.లీ.కు 0.2 అని విద్యార్థే తేల్చాలి. కండరాన్ని తాకేది సిరంజిలోని గాఢత కాదు, బాత్‌లోని గాఢత. గ్రాఫ్‌లో అడ్డగీత మీద మి.లీ.లు వేసిన రికార్డులు ఇప్పటికీ సంతకాలు పడి కట్టలుగా పేరుతున్నాయి.

అయిదింట ఒక షీట్‌లో తప్పు పెట్టండి. చివరి సైకిళ్ళలో ఎత్తులు క్రమంగా తగ్గేలా ఒకటి, బేస్‌లైన్ పైకి జరుగుతూ పోయేలా ఒకటి (సరిగా కడగకపోతే జరిగేది అదే), పెద్ద డోసులు రెండూ గరిష్ఠానికి తగిలేలా ఒకటి. ఎవరికి తప్పు షీట్ వచ్చిందో ఎగ్జామినర్ కీలో ఉంటుంది. తప్పు పట్టుకున్నవారికి సగం మార్కులు అక్కడే ఇవ్వాలి.

ఐదో సెమిస్టర్‌లోని క్యారజీనన్ (వాపు తెప్పించే పదార్థం) వాపు ప్రయోగానికీ ఇదే వర్తిస్తుంది. కంట్రోల్ (మందివ్వని) ఎలుక పాదం పరిమాణం 0.9 మి.లీ. నుంచి మూడు గంటల్లో 1.5కు, మందిచ్చిన ఎలుకది 0.9 నుంచి 1.2కు పెరిగిందనుకోండి. పెరుగుదలలు 0.6, 0.3. మందు వాపును 50 శాతం ఆపింది. మొదటి కొలతను తీసేయడం మర్చిపోయి 1.2ను 1.5తో పోల్చినవారికి 20 శాతమే వస్తుంది, మంచి మందు పనికిరానిదిగా కనిపిస్తుంది. పీఏ2 (యాంటగోనిస్టు, అంటే స్పందనను అడ్డుకునే మందు బలాన్ని చూపే అంకె) లెక్క కూడా అంతే. ప్రాజోసిన్ అనే యాంటగోనిస్టు 10⁻⁸ మోలార్ సమక్షంలో అగోనిస్టు (స్పందన కలిగించే మందు) ఈసీ50 ఒక మైక్రోమోలార్ నుంచి 11కు జరిగితే డోస్ రేషియో 11. అందులో ఒకటి తీసేసి లాగ్ తీస్తే 1, దానికి 8 కలిపితే పీఏ2 9. ఆ ఒకటిని తీసేయాలని గుర్తుంచుకోవడం కంటే, ఎందుకు తీస్తున్నామో చెప్పగలగడం ముఖ్యం: రేషియో ఒకటి అంటే గ్రాఫ్ అసలు జరగనే లేదు, యాంటగోనిస్టు పని చేయలేదు.

డోసు లెక్కలను మాత్రం కాగితం మీద వదిలేయకండి, చేత్తో చేయించండి. ఎలుక బరువు 25 గ్రాములు, డయజిపామ్ కిలోకు 2 మి.గ్రా., ఇచ్చే పరిమాణం కిలోకు 10 మి.లీ. అంటే 0.05 మి.గ్రా. మందు 0.25 మి.లీ.లో వెళ్ళాలి, ద్రావణం మి.లీ.కు 0.2 మి.గ్రా. ఉండాలి. ఆంప్యూల్‌లో మి.లీ.కు 5 మి.గ్రా. ఉంటుంది కాబట్టి ఒక మి.లీ.ని 25 మి.లీ.కు పెంచాలి. లెక్క ఇక్కడికి సరిపోయింది. కానీ డయజిపామ్ నీళ్ళలో సరిగా కరగదు, ఇంజెక్షన్‌లో దాన్ని ప్రొపిలీన్ గ్లైకాల్ పట్టి ఉంచుతుంది. సెలైన్‌తో పలచబరిస్తే మబ్బుగా మారి మందు విడిపోవచ్చు, అప్పుడు ఒక ఎలుకకు ఎక్కువ, ఇంకో ఎలుకకు తక్కువ వెళ్తుంది. ఫార్మాస్యూటిక్స్ చదువుకున్న విద్యార్థికి ఈ ముడి విప్పే జ్ఞానం ఉంది. దాన్ని ఫార్మకాలజీ ల్యాబ్‌లో వాడమని మనం అడగడం లేదు.

ఆరో సెమిస్టర్‌లో కుందేలు మీద ఇన్సులిన్ ప్రభావాన్ని చూపే ప్రయోగం ఉంది. ఆ వీడియో చూపించిన రోజే నీళ్ళు పోసిన వయల్స్, రెండు రకాల ఇన్సులిన్ సిరంజులు బల్ల మీద పెట్టండి. ఎర్ర మూతది యూ-40 (మి.లీ.కు 40 యూనిట్ల ఇన్సులిన్‌కు), నారింజ మూతది యూ-100 (మి.లీ.కు 100 యూనిట్లదానికి). వయల్ మీద మి.లీ.కు 40 యూనిట్లని ఉంది, డాక్టరు రాసింది 20 యూనిట్లు. యూ-100 సిరంజిలో 20 గీత దాకా తీస్తే వచ్చేది 0.2 మి.లీ., అంటే 8 యూనిట్లే. రోగి షుగర్ తగ్గదు. తారుమారై, 100 యూనిట్ల ఇన్సులిన్‌ను యూ-40 సిరంజిలో 20 గీత దాకా తీస్తే 0.5 మి.లీ., అంటే 50 యూనిట్లు. మనిషి స్పృహ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. డిగ్రీ పట్టా పుచ్చుకుని రేపు మందుల షాపులో నిలబడేది ఈ విద్యార్థులే. సిరంజి అమ్ముతూ 'మీ ఇన్సులిన్ సీసా మీద ఎంతుందండీ' అని అడగాల్సింది వాళ్ళే. పదిహేను నిమిషాల పని ఇది.

ఫిజియలాజికల్ ద్రావణాలకు (విడదీసిన కండరాన్ని బతికించి ఉంచేవి) కూడా జంతువు అక్కర్లేదు, అయినా వీడియోతోనే సరిపెడుతున్నాం. లీటరు టైరోడ్ ద్రావణానికి సోడియం క్లోరైడ్ 8 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.2, కాల్షియం క్లోరైడ్ 0.2, మెగ్నీషియం క్లోరైడ్ 0.1, సోడియం బైకార్బొనేట్ 1, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.05, గ్లూకోజ్ 1 గ్రాము. అన్నీ ఒకేసారి బీకరులో గుమ్మరిస్తే కాల్షియం వెళ్ళి కార్బొనేట్‌తో, ఫాస్ఫేట్‌తో కలిసి ద్రావణం పాలలా తెల్లబడుతుంది. కాల్షియం క్లోరైడ్‌ను విడిగా కరిగించి, మిగతాదంతా బాగా పలచబడ్డాక చివర్లో కలుపుతూ కొద్దికొద్దిగా పోయాలి. గ్లూకోజ్ వాడే రోజునే వేయాలి, లేకపోతే సూక్ష్మజీవులు పెరుగుతాయి. ల్యాబ్‌లోని కాల్షియం క్లోరైడ్ సీసా మీద డైహైడ్రేట్ (నీటి అణువులు కలిసినది) అని ఉంటే 0.2 బదులు 0.265 గ్రాములు తూచాలి. లేబుల్ చదవకుండా 0.2 తూచితే కాల్షియం నాలుగో వంతు తగ్గిపోతుంది, పేగు సరిగా ముడుచుకోదు, తప్పు మందుదనిపిస్తుంది. ఈ ద్రావణాన్ని ఒక్కసారి పాడు చేసుకున్న విద్యార్థి కాల్షియం సంగతి మర్చిపోడు.

సిలబస్‌లో సర్దాల్సినవి రెండున్నాయి. కౌన్సిల్ మార్చేదాకా ఆగకుండా మీ స్థాయిలోనే వివరణ ఇవ్వవచ్చు. నాలుగో సెమిస్టర్‌లో 'ఎంజైమ్ ఇండ్యూసర్ల వల్ల ఫినోబార్బిటోన్ నిద్ర సమయంలో మార్పు' అని ఒక ప్రయోగం ఉంది. ఫినోబార్బిటోన్ దీర్ఘకాలం పనిచేసే మందు, పైగా అదే ఇండ్యూసర్ (మందులను విరగ్గొట్టే కాలేయ ఎంజైమ్‌లను పెంచేది). కొన్ని రోజులు ఫినోబార్బిటోన్ ఇచ్చి, తర్వాత పెంటోబార్బిటోన్ ఇచ్చి, ఎలుక మళ్ళీ తనంతట తాను బోర్లా తిరిగే దాకా సమయం కొలవడం అసలు పద్ధతి. రెండు మందుల పాత్రలూ విడిగా రాసి కాలేజీలకు పంపండి. రెండోది, ఆరో సెమిస్టర్ ప్రాక్టికల్‌లో టీ-టెస్ట్, అనోవా అనే గణాంక పరీక్షలు చేయమంటున్నాం, బయోస్టాటిస్టిక్స్ పేపరేమో ఎనిమిదో సెమిస్టర్‌లో వస్తుంది. థియరీకి వారానికో ట్యుటోరియల్ గంట ఉంది కదా. అందులో మూడు గంటలు ముందే దీనికి కేటాయించమని చెప్పండి.

థియరీ గురించి కొద్దిగానే చెబుతాం. 75 మార్కుల పేపర్‌లో పది మార్కుల ప్రశ్నల్లో ఒక్కదాన్నైనా 'వర్గీకరించి, ఒక మందు గురించి వివరించండి' అనే మూస నుంచి బయటికి తీసుకురండి. ఉదాహరణకు: 60 కిలోల రోగికి థియోఫిలిన్ గంటకు 36 మి.గ్రా. చొప్పున వెళ్తోంది, క్లియరెన్స్ (శరీరం మందును తొలగించే వేగం) గంటకు 2.4 లీటర్లు. సిప్రోఫ్లోక్సాసిన్ మొదలుపెట్టాక క్లియరెన్స్ 30 శాతం తగ్గింది. రక్తంలో స్థాయి ఎంతకు చేరుతుంది, ఎందుకు, ఏం చేయాలి? మొదట లీటరుకు 15 మి.గ్రా. ఉన్నది 21.4కు చేరుతుంది, 20 దాటితే విషలక్షణాల భయం. థియోఫిలిన్‌ను విరగ్గొట్టే సీవైపీ1ఏ2 ఎంజైమ్, క్లియరెన్స్, థెరప్యూటిక్ ఇండెక్స్, వాంతులు, ఫిట్స్ అన్నీ ఈ ఒక్క ప్రశ్నలోకి వస్తాయి. విడివిడిగా బట్టీ పట్టిన నాలుగు నోట్సు దీన్ని దాటించలేవు.

వైవాలో తెలుగును అనుమతించండి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు బీటా బ్లాకర్ ఆస్తమా రోగికి ఎందుకు ఇవ్వకూడదో తెలుసు, ఇంగ్లిష్‌లో వాక్యం కట్టలేక నోరు మూసుకుంటారు. మందు పేర్లు, రిసెప్టర్ పేర్లు ఎలాగూ ఇంగ్లిష్‌వే. వివరణ ఏ భాషలో చెప్పినా మార్కులివ్వండని ఎగ్జామినర్లకు ఒక్క మాట రాయండి. రేపు రోగితో మాట్లాడాల్సింది కూడా తెలుగులోనే.

ఎగ్జామినర్ల వైపు నుంచి రాగల అభ్యంతరం మాకు తెలుసు: 20 మంది బ్యాచ్, 20 రకాల షీట్లు, దిద్దడానికి సమయం ఎక్కడిది? షీట్ తయారయ్యే ఎక్సెల్ ఫైలులోనే పక్క కాలమ్‌లో జవాబు కూడా వచ్చేస్తుంది. ప్రింట్ తీసి ఎగ్జామినర్ చేతికిస్తే ఒక్కో కాగితానికి మూడు చోట్ల చూడాలి: బాత్ గాఢత, చివరి జవాబు, 'చెల్లుతుందా లేదా' అన్న తీర్పు. పది పేజీల ప్రొసీజర్ చదవడం కంటే ఇది తేలిక. గ్రాఫ్ షీట్లు, కాలిక్యులేటర్ అనుమతి, మామూలు బల్లలు తప్ప కాలేజీ కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు.

మొదటి ఏడాదే మొత్తం 25 మార్కులూ మార్చడం కష్టమనుకుంటే 15 మార్కులు డేటా షీట్‌కు, 10 మార్కులు డోసు లెక్క, డైల్యూషన్ చేత్తో చేసి చూపించడానికి ఇవ్వండి. డైల్యూషన్‌కు మందు కూడా వద్దు. పొటాషియం పర్మాంగనేట్ ద్రావణం ఇచ్చి పదిరెట్లు, వందరెట్లు పలచబరచమంటే రంగు చూస్తేనే తేడా తెలుస్తుంది, కలరీమీటర్‌లో పెడితే అంకె వస్తుంది. సర్క్యులర్ మాత్రం సెమిస్టర్ మొదట్లోనే రావాలి, నమూనా షీట్లు రెండు జతచేయాలి. పరీక్షకు వారం ముందు వస్తే నష్టపోయేది విద్యార్థులే.

నాలుగు, ఐదు సెమిస్టర్ల ప్రయోగాలకు సరిపడే ఎక్సెల్ నమూనాలు, జవాబుల కీలు, తప్పు షీట్లు తయారుచేసి ఇవ్వడానికి మేం సిద్ధం. ఏ బోర్డు అడిగినా ఉచితంగా ఇస్తాం, మార్చుకునే స్వేచ్ఛ మీదే. వచ్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం అజెండాలో ఈ విషయాన్ని చేర్చవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
బి.ఫార్మసీలో ఫార్మకాలజీ బోధిస్తున్న కొందరు అధ్యాపకులు,
ఆఖరి సంవత్సరం విద్యార్థులు